ఎల్‌డీహెచ్ ఎక్కువుందంటే: పిల్లల లింఫోమాలో రక్తపరీక్ష చెప్పేదెంత, చెప్పనిదెంత

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. నేను ల్యాబ్ డాక్టర్‌ని, బయోకెమిస్ట్రీ నా సబ్జెక్టు. వార్డులో లింఫోమాతో, అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్‌తో ఉన్న మీ పిల్లల్ని చూసే డాక్టర్లు వేరు, వాళ్ల చేతి నుంచి తీసిన రక్తం ట్యూబుల్లో వచ్చి చేరే చోట ఉండేదాన్ని నేను. రిపోర్టు కింద సంతకం ఉంటుంది చూడండి, అది నాలాంటివాళ్లది. ఇవాళ ఇక్కడ తల్లిదండ్రులున్నారు, నర్సులున్నారు, కొత్తగా పీజీలో చేరినవాళ్లూ ఉన్నారు, కాబట్టి కొందరికి తెలిసిన సంగతే మళ్లీ చెప్పినట్టుంటుంది, కాస్త ఓర్చుకోండి.

ల్యాబ్ కిటికీ దగ్గర నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకటి, "మేడమ్, ఎల్‌డీహెచ్ పద్నాలుగు వందలుంది, పక్కన హై అని కూడా వేశారు, అంటే బాగా ముదిరిపోయినట్టేనా?" రెండోది దానికి తలకిందులు. "ఎల్‌డీహెచ్ నార్మలే వచ్చింది కదండీ, మళ్లీ బయాప్సీ ఎందుకంటున్నారు, చిన్నపిల్లాడికి కోత పెట్టడం అవసరమా?" ఈ రెండు ప్రశ్నల వెనకా ఉన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ రెండూ ఒకే అపోహ మీద నిలబడ్డాయి, ఆ అంకె జబ్బు పేరు చెప్పేస్తుందన్న నమ్మకం మీద. అది పేరు చెప్పదు. పేరు చెప్పేది బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష. పేరు తేలాక మాత్రం ఈ అంకె చాలా పనికొస్తుంది. జబ్బు ఒంట్లో ఎంత ఉంది, ఎంత వేగంగా పెరుగుతోంది, మందు మొదలుపెట్టిన మొదటి వారంలో కిడ్నీలకు ఎంత ప్రమాదం, మందు ఎంత గట్టిగా ఇవ్వాలి, ఇవన్నీ తేల్చేటప్పుడు డాక్టర్లు దాని వంక చూస్తారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతావన్నీ దీని వివరాలు.

ఎల్‌డీహెచ్ అంటే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్. ఒంట్లో రసాయన చర్యల్ని చకచకా జరిపించే ప్రోటీన్లని ఎంజైమ్‌లు అంటాం. కణం గ్లూకోజ్‌ని విడగొట్టి శక్తి తీసుకునేటప్పుడు పైరువేట్ అనే పదార్థం తయారవుతుంది, దాన్ని లాక్టేట్‌గా, లాక్టేట్‌ని తిరిగి పైరువేట్‌గా మార్చేది ఈ ఎంజైమే. ఇది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. గుండె, కాలేయం, కండరాలు, కిడ్నీలు, ఎర్ర రక్తకణాలు, తెల్ల రక్తకణాలు, అన్నిట్లోనూ. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, నేను చెప్పబోయేదాంట్లో సగం అర్థమైనట్టే.

మామూలు కణం ఆక్సిజన్ ఉన్నంతసేపూ పైరువేట్‌ని పూర్తిగా కాల్చి శక్తి చేసుకుంటుంది, ఆక్సిజన్ చాలనప్పుడే లాక్టేట్ దారి పడుతుంది. క్యాన్సర్ కణాలు అలా కాదు, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా గ్లూకోజ్‌ని లాక్టేట్ చేసేస్తుంటాయని 1920లలో ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించారు. ఒకటి రెండుగా విడిపోతూ పోతున్న కణానికి శక్తి ఒక్కటే చాలదు, కొత్త కణం కట్టుకోవడానికి ముడిసరుకు కూడా కావాలి, ఈ దారిలో అది దొరుకుతుంది. అందుకని ఆ కణాల్లో ఎల్‌డీహెచ్ మామూలు కంటే ఎక్కువ తయారవుతుంది.

పిల్లల లింఫోమాల్లో దీనికి అందరికంటే స్పష్టమైన ఉదాహరణ బర్కిట్ లింఫోమా. 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి రాశారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడైతే చాలామంది పిల్లల్లో ఇది పొట్టలో గడ్డగా బయటపడుతోంది. ఈ జబ్బులో ఎమ్‌వైసీ అనే జన్యువు తన చోటు నుంచి ఊడి, ఎక్కువ కేసుల్లో ఎనిమిదో క్రోమోజోమ్ నుంచి పద్నాలుగో దాని మీదకి పోయి, ఆగకుండా పనిచెయ్యడం మొదలుపెడుతుంది. 1997లో తేలిందేమిటంటే, ఎల్‌డీహెచ్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువుని ఈ ఎమ్‌వైసీయే నేరుగా నడిపిస్తుంది. అంటే ఏ జన్యువైతే కణాన్ని క్యాన్సర్ చేసిందో అదే ఈ ఎంజైమ్‌ని కూడా పెంచుతోంది. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే మేం రోజూ యంత్రంలో చూసే ఒక సాదా అంకె వెనక ఇంత లోపలి కథ ఉంది. బర్కిట్ కణాల సంఖ్య ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతుంది. మనుషులకొచ్చే గడ్డల్లో ఇంత వేగంగా పెరిగేవి చాలా తక్కువ. అంత వేగంగా పుట్టే చోట చచ్చే కణాలూ ఎక్కువే, చచ్చిన కణం పగిలితే లోపలున్న ఎల్‌డీహెచ్ రక్తంలోకి వచ్చేస్తుంది. మీ రిపోర్టులో కనిపించేది అదే.

సరే, మరి ఎక్కువుంటే క్యాన్సరేనా? కాదు, చెప్పాను కదా, ఇది అన్ని కణాల్లోనూ ఉంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే కరెంటు మీటరు ఉంటే బిల్లు పెరిగిందని తెలుస్తుంది కానీ ఏ ఇంట్లో ఏసీ ఆడుతోందో తెలియదు, ఇదీ అంతే. వైరల్ జ్వరాల్లో పెరుగుతుంది. కాలేయం వాచినా, కండరాలు దెబ్బతిన్నా, ఎర్ర రక్తకణాలు ఒంట్లోనే పగిలిపోయే రక్తహీనతలో కూడా పెరుగుతుంది. బి12 విటమిన్ బాగా లోపించిన పిల్లల్లో ఎల్‌డీహెచ్ వేలల్లోకి వెళ్తుంది, ఎందుకంటే ఎముక మజ్జలో సగం తయారైన కణాలు అక్కడే చచ్చిపోతుంటాయి. పాలిపోయిన పిల్లాడు, రక్తకణాలన్నీ తక్కువ, ఎల్‌డీహెచ్ మూడు వేలు, చూడగానే ఎవరికైనా ల్యుకేమియా, అంటే రక్తక్యాన్సరే తడుతుంది, తీరా మజ్జ పరీక్ష చేస్తే బి12 ఇంజెక్షన్లతో పోయే జబ్బు. కొందరిలో ఈ ఎంజైమ్ ఒంట్లోని యాంటీబాడీలకు అతుక్కుపోయి రక్తంలోంచి బయటికి పోకుండా తిరుగుతుంటుంది, వాళ్లకి ఏ జబ్బూ లేకుండానే ఏళ్ల తరబడి ఎక్కువే వస్తుంది.

ఏ అవయవం నుంచి వచ్చిందో తెలుసుకోలేమా అని పీజీ పిల్లలు అడుగుతారు. కొంతవరకు తెలుసుకోవచ్చు. ఈ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిసి ఏర్పడుతుంది, ముక్కలు రెండు రకాలు, అవి కలిసే తీరుని బట్టి అయిదు రూపాలు. 1959లో మార్కర్ట్, మోలర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఐసోఎంజైమ్‌ల సంగతి తేల్చారు. మొదటిది గుండెలో, ఎర్రకణాల్లో ఎక్కువ, అయిదోది కాలేయంలో, కండరాల్లో ఎక్కువ, లింఫోమాలో సాధారణంగా మధ్యవి పెరుగుతాయి. అయితే ఈ విడదీసే పరీక్ష ఇప్పుడు దాదాపు ఎవరూ చెయ్యడం లేదు, స్కాన్లు, బయాప్సీ అంతకంటే బాగా చెబుతున్నప్పుడు దాని మీద ఖర్చు దండగ.

ఇక శాంపిల్ సంగతి. నర్సులు ఇది కాస్త మనసుపెట్టి వినండి, ఇవాళ నేను రావడానికి సగం కారణం ఇదే. ఎర్ర రక్తకణం లోపల ఎల్‌డీహెచ్ బయటి ప్లాస్మాలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. అంటే రక్తం తీసేటప్పుడు కొద్ది కణాలు పగిలినా అంకె పైకి ఎగురుతుంది. మా దగ్గర ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం, తిప్పాక అడుగున ఎర్రగా కణాలు, మధ్యలో జెల్ పొర, పైన లేత గడ్డి రంగులో సీరం తేలాలి. కణాలు పగిలితే ఆ సీరం గులాబీ రంగులో ఉంటుంది, ఎక్కువ పగిలితే ముదురు ఎరుపు. రెండేళ్ల పిల్ల ఏడుస్తూ గింజుకుంటుంటే, నరం దొరక్క సన్నటి సూదితో సిరంజి గట్టిగా లాగితే, అలా లాగిన రక్తాన్ని ట్యూబులోకి బలంగా నొక్కితే, వేలు పొడిచి పిండితే, ట్యూబుని అటూ ఇటూ విదిలిస్తే, కణాలు పగులుతాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఆ పరిస్థితిలో రక్తం తియ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ ట్యూబుతో వచ్చిన అంకె ఆ పాపది కాదు. పగిలిన శాంపిల్ అని రిపోర్టు మీద రాసుంటే దయచేసి దాన్ని పక్కన పెట్టి మళ్లీ పంపండి, దాన్నిబట్టి ఇంట్లోవాళ్లకి ఏమీ చెప్పొద్దు. పొటాషియం కూడా ఇలాగే దొంగగా పెరుగుతుంది. ఎల్‌డీహెచ్, పొటాషియం రెండూ ఒక్కసారే ఎగిరి, పిల్లాడు మాత్రం మంచంమీద కూర్చుని ఆడుకుంటుంటే ముందు అనుమానించాల్సింది శాంపిల్‌నే. అనుమానించాలన్నాను, వదిలెయ్యమనలేదు. కీమో మొదలైన పిల్లాడిలో ఇవి నిజంగానే పెరుగుతాయి, అందుకే తక్షణం ఇంకో శాంపిల్ పంపి తేల్చుకోవాలి.

ఇంకోటి, ఈ శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి. మిగతా చాలా పరీక్షలకి చల్లదనం మంచిదే కానీ ఎల్‌డీహెచ్‌లో నాలుగు, అయిదు రూపాలు చలికి పాడైపోతాయి, గది వేడిలోనే ఉంచి త్వరగా పంపాలి.

యంత్రం దీన్ని ఎలా కొలుస్తుందో కూడా చెబుతాను, ఎందుకంటే రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసుకుని ఏడ్చిన తల్లుల్ని చూశాను. మేం ఎంజైమ్‌ని తూకం వెయ్యం, అది ఎంత వేగంగా పనిచేస్తోందో చూస్తాం. సీరంలో లాక్టేట్, దాంతోపాటు ఎన్‌ఏడీ అనే సహాయక పదార్థం కలిపి 37 డిగ్రీల వేడిలో పెడతాం, ఎంజైమ్ పనిచేసే కొద్దీ ఎన్‌ఏడీహెచ్ తయారవుతుంది, అది 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది, ఎంత తొందరగా పీల్చుకోవడం పెరిగితే అంత ఎంజైమ్ ఉన్నట్టు. కొన్ని ల్యాబులు దీన్నే తిరగేసి పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు నడిపిస్తాయి, ఆ వైపు చర్య వేగం ఎక్కువ, అందుకే అదే రక్తానికి అంకె దాదాపు రెట్టింపు వస్తుంది. ఒకచోట 300, ఇంకోచోట 600 వచ్చిందంటే జబ్బు రెట్టింపయిందని కాదు, పద్ధతి వేరు. అందుకే డాక్టర్లు ఉత్త అంకె చూడరు, ఆ ల్యాబు ఇచ్చిన పై హద్దుకి ఇది ఎన్ని రెట్లు అని చూస్తారు. మీరూ అలాగే చూడండి.

ఆ హద్దు కూడా పిల్లల వయసుకి తగ్గది కావాలి. అప్పుడే పుట్టిన పసికందులో ఎల్‌డీహెచ్ పెద్దవాళ్ల కంటే రెండు మూడు రెట్లుంటుంది, ఏడాది తిరిగేసరికి బాగా దిగుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ యుక్తవయసుకి పెద్దవాళ్ల స్థాయికొస్తుంది. నాలుగేళ్ల పాపకి 290 వస్తే, 250 పై హద్దుగా ముద్రించిన పెద్దవాళ్ల ఫారంలో అది హై అని పడుతుంది, ఆ పాపకి అది మామూలే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ అనే ఇంకో ఎంజైమ్‌తో ఈ తంటా ఇంకా ఎక్కువ, అది ఎముకలు పెరిగే చోటునుంచి వస్తుంది, పెరిగే పిల్లల్లో పెద్దవాళ్ల కంటే ఎన్నో రెట్లు ఉండడం సహజం. అయిదేళ్లలోపు పిల్లల్లో కొందరికి ఏ కారణమూ లేకుండా అది వేలల్లోకి వెళ్లి కొన్ని నెలల్లో దానంతటదే దిగిపోతుంది కూడా. కాబట్టి ఇది ఎక్కువుందని ఎముకల్లోకి జబ్బు పాకిందని ఎవరైనా చెబితే కంగారు పడకండి, స్కాన్ చూడమనండి.

ఇప్పుడు అసలు చోటుకొద్దాం, బయాప్సీ వచ్చింది, బర్కిట్ లేదా పెద్ద బి కణాల లింఫోమా అని తేలింది. అప్పుడు స్టేజి చూస్తారు, 1980లో షరాన్ మర్ఫీ రాసిన పద్ధతి చాలాకాలం వాడారు, దాన్ని సవరించినదే ఇప్పుడు వాడుతున్నారు. అయితే మూడో స్టేజి అన్నమాట కింద ఎంతో తేడా ఉన్న పిల్లలు వస్తారు. పొట్టలో ఒక గడ్డ, రెండు మూడు వాచిన లింఫ్ గ్రంథులు ఉన్న పిల్లాడూ మూడే, పొట్ట నిండా జబ్బు పరుచుకుని నీరు చేరిన పిల్లాడూ మూడే. వీళ్లిద్దర్నీ విడదీసేదాంట్లో ఎల్‌డీహెచ్ ముందుంటుంది. జర్మనీ చుట్టుపక్కల దేశాల బీఎఫ్‌ఎం అనే బృందం డాక్టర్లు 500 యూనిట్ల దగ్గర ఒక గీత, 1000 దగ్గర ఇంకో గీత గీసి, ఏ వైపు ఉన్నారన్నదాన్ని బట్టి కీమో విడతలు పెంచడం తగ్గించడం చేశారు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా డాక్టర్లు కలిసి నడిపిన దారిలో పై హద్దుకి రెండు రెట్లు దాటిందా లేదా అని చూశారు.

ఈ రెండు రెట్ల గీత ఎంత బరువైనదో చెప్పడానికి ఒక పెద్ద ట్రయల్ ఉంది, 2020లో ఫలితాలు వచ్చాయి. మూడో స్టేజిలో ఉండి ఎల్‌డీహెచ్ రెండు రెట్లు దాటినవాళ్లు, నాలుగో స్టేజివాళ్లు, బర్కిట్ ల్యుకేమియావాళ్లు, మొత్తం 328 మంది పిల్లలు, యుక్తవయసువాళ్లు. సగం మందికి మామూలు కీమో, సగం మందికి కీమోతోపాటు రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ఆరు డోసులు. మూడేళ్లకి చూస్తే జబ్బు తిరగబెట్టకుండా, ఇంకే ప్రమాదమూ లేకుండా ఉన్నవాళ్లు కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో నూటికి 82.3, రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నవాళ్లలో 93.9. ఆ తేడా ఎంత పెద్దదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ అమ్మానాన్నలు ఒకటి గమనించాలి, ఎల్‌డీహెచ్ ఎక్కువున్న పిల్లలు కూడా ఆ ట్రయల్‌లో ఉన్నారు, ఆ గుంపుకే అది ఇంత మేలు చేసింది. కాబట్టి పద్నాలుగు వందలు అనే అంకెని శిక్షలాగా చదవొద్దు, మీ పాపకి ఏ మందు, ఎంత గట్టిగా ఇవ్వాలో అది డాక్టర్‌కి చెబుతోంది.

అన్ని లింఫోమాల్లోనూ దీనికి ఇంత బరువు లేదు. లింఫోబ్లాస్టిక్ రకంలో, అంటే ఛాతీ మధ్యలో గడ్డగా వచ్చి ఊపిరాడనివ్వకుండా చేసేదాంట్లో, ఎల్‌డీహెచ్ పెరుగుతుంది గానీ దాన్నిబట్టి రాబోయేది చెప్పడం ఒక అధ్యయనంలో కుదిరితే ఇంకోదాంట్లో కుదరలేదు. అనాప్లాస్టిక్ రకంలో ఇతర సంగతులే ఎక్కువ చెబుతాయి, జబ్బు చర్మానికి, ఛాతీకి, లోపలి అవయవాలకి పాకిందా, రక్తంలో కంటికి కనపడనంత జబ్బు జన్యుపరీక్షలో దొరుకుతోందా అన్నవి. హాడ్జ్‌కిన్‌ రకంలోనైతే ఎంజైమ్‌ల కంటే ఈఎస్‌ఆర్‌కే, అంటే ఎర్రకణాలు ట్యూబులో ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే పరీక్షకే విలువ ఎక్కువ, చాలామంది పిల్లల్లో ఎల్‌డీహెచ్ నార్మల్‌గానే ఉంటుంది.

దీంతో రెండో ప్రశ్నకి వచ్చాం. ఎల్‌డీహెచ్ నార్మల్, మరి బయాప్సీ ఎందుకు? ఇందుకే. మెడలో గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి, గట్టిగా ఉండి, నాలుగు నుంచి ఆరు వారాలైనా తగ్గకపోతే, లేదా మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక పైన వస్తే, లేదా కారణం లేని జ్వరం, బట్టలు తడిసేంత చెమటలు, బరువు తగ్గడం ఉంటే, రక్తపరీక్షలన్నీ నార్మల్ అయినా ఆ గడ్డని పరీక్షకి పంపాల్సిందే. బయాప్సీకి ముందు ఇంకో ప్రమాదం, గడ్డ తగ్గుతుందని స్టెరాయిడ్ ఇవ్వడం. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి కరుగుతాయి, నాలుగు రోజులు గడ్డ తగ్గి అందరూ సంతోషిస్తారు, ఆ తర్వాత బయాప్సీ చేస్తే చచ్చిన కణాలే దొరికి జబ్బు పేరు తేలదు. ఊపిరాడక ప్రాణం మీదికొస్తే వేరు, అప్పుడు ఇవ్వక తప్పదు. మామూలుగా అయితే ముందు బయాప్సీ, తర్వాతే స్టెరాయిడ్.

ఇంకో ఎంజైమ్ కూడా ఇక్కడ దారి తప్పిస్తుంది, దాని పేరు అడినోసిన్ డీఅమినేజ్, అందరూ ఏడీఏ అంటారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే ఆ నీళ్లలో ఏడీఏ 40 దాటితే టీబీ అనుకుంటారు, చాలాసార్లు అది నిజమే. కానీ ఏడీఏ లింఫోసైట్ కణాల్లోనూ దండిగా ఉంటుంది, లింఫోమా వల్ల చేరిన నీళ్లలోనూ పెరుగుతుంది, ఒక్కోసారి టీబీలో కంటే ఎక్కువ. ఛాతీలో గడ్డ, పక్కన నీరు ఉన్న పిల్లాడికి ఏడీఏ ఒక్కటి చూసి టీబీ మందులు మొదలుపెట్టి నెలలు గడిపితే ఆ నెలలు తిరిగి రావు. తీసిన నీటిని పారబొయ్యకుండా అందులో కణాలు ఎలాంటివో చూడమని పంపండి, కణాల మీది గుర్తుల్ని లేజర్‌తో చదివే ఫ్లో సైటోమెట్రీ చేస్తే చాలాసార్లు అక్కడే జబ్బు దొరికిపోతుంది, గడ్డ దాకా వెళ్లే పనే ఉండదు.

ఇప్పుడు మొదటి వారం గురించి. వేగంగా పెరిగే లింఫోమాకి కీమో మొదలుపెడితే కణాలు ఒక్కసారిగా పగులుతాయి, లోపలి పొటాషియం, ఫాస్ఫేట్, జన్యుపదార్థం అన్నీ రక్తంలోకి పడతాయి. జన్యుపదార్థం యూరిక్ యాసిడ్‌గా మారి కిడ్నీ గొట్టాల్లో పేరుకుంటుంది, పొటాషియం గుండె మీదికొస్తుంది, ఫాస్ఫేట్ కాల్షియంని లాగేసి ఫిట్స్ తెప్పించొచ్చు. దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారు. ఎక్కువగా మందు మొదలైన పన్నెండు గంటల నుంచి మూడు రోజుల లోపు వస్తుంది, బర్కిట్‌లోనైతే మందు మొదలుపెట్టకముందే కూడా రావచ్చు. ఎవరికొస్తుందో ముందే ఊహించడానికి వాడే గుర్తుల్లో ముఖ్యమైనది మళ్లీ ఎల్‌డీహెచ్చే, రెండు రెట్లు దాటిన మూడు, నాలుగో స్టేజి బర్కిట్ అంటే అందరూ అప్రమత్తం కావాల్సిందే. అందుకే ఆ పిల్లలకి సెలైన్ ఎక్కువ ఎక్కిస్తారు, అందులో పొటాషియం కలపరు, మొదటి వారం తేలికపాటి మందుతో మొదలుపెడతారు, ఆరేసి గంటలకోసారి రక్తం తీస్తారు. మాటిమాటికీ గుచ్చుతున్నారని బాధపడకండి, ఆ గుచ్చడమే కిడ్నీలని కాపాడుతుంది.

యూరిక్ యాసిడ్‌కి రెండు మందులున్నాయి. అల్లోప్యూరినాల్ కొత్తది తయారవకుండా ఆపుతుంది, అప్పటికే పేరుకున్నదాన్ని ఏమీ చెయ్యలేదు. రాస్‌బ్యూరికేజ్ వేరు, అదే ఒక ఎంజైమ్, యూరిక్ యాసిడ్‌ని నీళ్లలో తేలిగ్గా కరిగే అల్లాంటోయిన్‌గా మార్చేస్తుంది. చాలా జంతువుల్లో ఇలాంటి ఎంజైమ్ ఉంది, మనుషుల్లో లేదు, అందుకే బయటినుంచి ఇస్తాం, గంటల్లో పనిచేస్తుంది. ఇక్కడ నర్సులకి ఒక ముఖ్యమైన మాట. రాస్‌బ్యూరికేజ్ ఇచ్చిన పిల్లాడి రక్తం ట్యూబులోకి తీశాక కూడా ఆ ఎంజైమ్ పని ఆపదు, గది వేడిలో ట్యూబులోనే యూరిక్ యాసిడ్‌ని తినేస్తూ ఉంటుంది, మాకు చేరేసరికి సున్నాకి దగ్గరగా వస్తుంది, పిల్లాడిలో మాత్రం ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకని ముందే చల్లబరిచిన ట్యూబులోకి తీసి, ఐసులో పెట్టి, వెంటనే పంపాలి, మేం కూడా చల్లటి సెంట్రిఫ్యూజ్‌లోనే తిప్పుతాం. అదే పిల్లాడి ఎల్‌డీహెచ్ ట్యూబు మాత్రం ఐసులో పెట్టకూడదు, పొటాషియం ట్యూబూ పెట్టకూడదు, చలికి కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది. ఒకే పిల్లాడు, ఒకే సూది, ఒక ట్యూబు ఐసులో, ఇంకోటి బయట. రెండూ ఒకే సంచిలో ఐసు మీద పడేసి పంపితే మేం ఇచ్చే అంకెల్ని నమ్మలేం.

చికిత్స మధ్యలో అంకెలు పెరిగితే కూడా అమ్మానాన్నలు భయపడతారు. మొదటి రెండు మూడు రోజుల్లో ఎల్‌డీహెచ్ ఇంకా పెరగొచ్చు, కణాలు చస్తున్నాయని అర్థం, తర్వాత దిగుతుంది. తెల్లకణాలు పెరగడానికి జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఇస్తారు, అది ఇచ్చిన రోజుల్లో మజ్జ జోరుగా పనిచేసి ఎల్‌డీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ పెరుగుతాయి, ఆపితే దిగుతాయి. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు తర్వాత కాలేయ ఎంజైమ్‌లు ఎగరడం మామూలే. లింఫోబ్లాస్టిక్ పిల్లలకిచ్చే ఆస్పరాజినేజ్ అనే మందు వల్ల క్లోమం వాచొచ్చు, అప్పుడు కడుపునొప్పితోపాటు లైపేజ్, అమైలేజ్ అనే క్లోమం ఎంజైమ్‌లు పెరుగుతాయి, పిల్లాడు పొట్ట పట్టుకుని ముడుచుకుంటే ఆలస్యం చెయ్యకుండా చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు.

"మేడమ్, మా బాబుకి ఆ రాస్‌బ్యూరికేజ్ ఇవ్వడానికి ముందు ఇంకేదో టెస్టు కావాలని ఆపారు. ఆలస్యం చేశారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది."

అది జీ6పీడీ టెస్టయి ఉంటుందండీ. జీ6పీడీ కూడా ఎర్రకణాల్లో ఉండే ఎంజైమే, కొందరికి పుట్టుకతోనే తక్కువ, మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రాస్‌బ్యూరికేజ్ పనిచేసేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, జీ6పీడీ లేని ఎర్రకణాలు దాన్ని తట్టుకోలేక పగిలిపోతాయి, పిల్లాడికి ఒక్కసారిగా రక్తం పడిపోతుంది. అందుకే ముందు అడుగుతారు. మీ డాక్టర్లు సరిగ్గానే చేశారు, ఆ మధ్యలో సెలైన్, అల్లోప్యూరినాల్ నడుస్తూనే ఉంటాయి.

"డాక్టర్ గారూ, ఎల్‌డీహెచ్ ఇంత కలగాపులగమైతే, విడిపోయే కణాలు మాత్రమే వదిలే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్‌ని ఎందుకు వాడడం లేదు?"

మంచి ప్రశ్న. కణం డీఎన్‌ఏని రెండింతలు చేసుకునేటప్పుడు అది పెరుగుతుంది కాబట్టి ఆలోచన సరైనదే, పెద్దవాళ్ల లింఫోమాల్లో దాని మీద చాలా చూశారు. కానీ పిల్లల్లో మజ్జ, గ్రంథులు మామూలుగానే జోరుగా ఉంటాయి, వైరస్ జ్వరాల్లోనూ పెరుగుతుంది, పైగా ఎల్‌డీహెచ్ అన్ని చోట్లా తక్కువ ఖర్చులో, గంటలో వస్తుంది. మందు ఎంతివ్వాలో నిర్ణయించే గీతలన్నీ ఎల్‌డీహెచ్ మీదే గీసి ఉన్నాయి.

"మా పాపకి కీమో అయిపోయింది, బర్కిట్. ప్రతి నెలా ఎల్‌డీహెచ్ చేయించాలా? అంకె కాస్త అటూఇటూ అయినా ఆ రాత్రి నిద్ర పట్టదండీ."

అమ్మా, ఆ భయం నాకు తెలుసు. చికిత్స అయిపోయాక ఎల్‌డీహెచ్ ఒక్కదాన్ని పట్టుకుని కాపలా కాయడం వల్ల పెద్దగా లాభం లేదు. జలుబు చేసినా పెరుగుతుంది, శాంపిల్ పగిలినా పెరుగుతుంది, తిరగబెట్టినప్పుడు ఒక్కోసారి పెరగకుండానూ ఉంటుంది. బర్కిట్ తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తిరగబెడుతుంది, కాబట్టి ఆ ఏడాది మీ డాక్టర్ పిలిచినప్పుడల్లా తీసుకెళ్లండి, ఆయన పొట్ట నొక్కి, గ్రంథులు తడిమి చూడడం, అవసరమైతే స్కాన్ తియ్యడం, ఇవి ఎక్కువ పనిచేస్తాయి. ఈలోగా పాప తిండి మానేసినా, పొట్ట ఉబ్బినా, కొత్తగా గడ్డ తగిలినా, తేదీ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి. ఒకవేళ రక్తపరీక్ష చేయిస్తే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, రిపోర్టు మీద ఆ ల్యాబు పై హద్దు ఎంతో, ఆ రోజు పాపకి జలుబు, జ్వరం ఏమైనా ఉన్నాయో పెన్నుతో రాసి ఫైల్లో పెట్టుకోండి. అంకె పెరిగి, పాప బాగానే ఆడుకుంటుంటే, వారం పది రోజుల్లో ఇంకోసారి శాంపిల్ ఇచ్చి చూడండి. రెండోసారీ పెరిగితే ఆ రెండు రిపోర్టులూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.